దివాలాదారు ఇంట మిగిలేదేమి?

అప్పులు తీర్చలేనివాడు న్యాయస్థానాన్ని ఆశ్రయిస్తే తెలుగునాట "ఐ.పి. పెట్టాడు" అంటారు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే మాటకు అది పొడి అక్షరాల రూపం. ఆ మాట వినగానే అమీనా వచ్చి చెంబూ తపేలా సైతం వీధిలోకి ఈడుస్తాడన్న భయం కలుగుతుంది. చట్టం చెప్పేది వేరు.

మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకు 1909లో ఒక చట్టం, తక్కిన ప్రాంతాలకు 1920లో ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ఏర్పడ్డాయి. ఈ రెండవదాని ప్రకారం, దివాలాదారుగా ప్రకటితుడైన వ్యక్తి ఆస్తి న్యాయస్థానానికి గాని రిసీవరుకు గాని సంక్రమిస్తుంది. దానిని విక్రయించగా వచ్చిన సొమ్మును ఋణదాతలకు పంచుతారు. ఋణవిముక్తి ఉత్తర్వు వెలువడేలోగా వారసత్వంగా ఏదైనా లభించినా, అదికూడ అందులో చేరవలసిందే.

అయితే సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను జప్తు చేయరాదన్న వస్తువులు ఈ లెక్కలోనికి రావు. ఋణగ్రస్తునికి, అతని భార్యాబిడ్డలకు అవసరమైన దుస్తులు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు అతనికే మిగులుతాయి. మంగళసూత్రం వలె, మతాచారాన్ని బట్టి స్త్రీ విడనాడరాని ఆభరణాలను ముట్టరాదు. సేద్యగాని పనిముట్లకు, జీవనానికి అవసరమని కోర్టు తలచిన పశువులకు, విత్తనాలకు, అతడు నివసించే ఇంటికి రక్షణ ఉన్నది. చేతిపనివారి పనిముట్లూ అంతే. వడ్రంగి బాడిసను వేలం వేస్తే ఋణదాతకు దక్కేది కొద్ది రూపాయలు. వడ్రంగికి పోయేది రేపటి కూలి.

1909 నాటి చట్టం మాత్రం పనిముట్లు, బట్టలు, పాత్రలు, సామాను అన్నీ కలిపి 300 రూపాయల విలువకు మించరాదన్నది. నాటికది చిన్న మొత్తం కాదు. రూపాయి విలువ తరిగినకొద్దీ అటువంటి అంకె రక్షణగా గాక పరిహాసంగా మారుతుంది. 2016 నాటి దివాలా కోడు క్రింద 2019లో చేసిన నియమాలు తాకట్టులేని ఒక నివాసగృహానికి పట్టణాలలో 20 లక్షలు, గ్రామాలలో 10 లక్షల రూపాయల పరిమితి విధించాయి. అయితే, వ్యక్తులకు సంబంధించినంతవరకు, ఆ కోడును తొలుత కంపెనీల అప్పులకు పూచీపడినవారికి మాత్రమే వర్తింపజేశారు.

తాకట్టు పెట్టిన వస్తువు సంగతి వేరు. కుదువపెట్టిన నగపై బ్యాంకుకుగల హక్కు దివాలావల్ల చెదరదు. ఇక, పిటిషనుకు ముందే ఇల్లు బావమరిది పేర వ్రాసివేయడం మనవారెరిగిన ఉపాయమే. 1920 చట్టం దానిని ఊహించింది: పిటిషనుకు ముందు రెండేళ్లలోపున ప్రతిఫలం లేకుండా చేసిన అటువంటి బదిలీని కోర్టు రద్దు చేయవచ్చును. భార్యకు పుట్టింటివారిచ్చిన స్త్రీధనం మాత్రం ఆమెదే. భర్త అప్పులకు అది జవాబుదారీ కాదు.