నూలుకూ అంటుతుంది, ఊపిరికీ అంటుతుంది

సాయంత్రం పని ముగించుకుని ముక్కు చీదితే రుమాలు మీద ఎరుపో నీలమో పడటం అద్దకం షెడ్లలో పనిచేసేవాళ్లకు కొత్త సంగతి కాదు. దాన్ని ఎవరూ జబ్బు అనుకోరు. ముఖం కడుక్కుంటే పోతుంది. అయితే ఆ రంగు మరిగే గంగాళంలోంచి వచ్చింది కాదు. పొద్దున డబ్బా మూత తీసి, చెంచాతో పొడి తోడి, త్రాసులో వేసి తూచిన ఆ కాసేపట్లో ముక్కులోకి చేరింది. ముక్కు ఆపగలిగినంత ఆపింది కాబట్టి రుమాలు మీద కనిపించింది. ఇంకా సన్నటి నలుసులు అక్కడ ఆగవు. మిల్లీమీటరులో నూరో వంతు కన్నా చిన్నవైతే గొంతు దాటి ఊపిరితిత్తుల్లోకి దిగిపోతాయి. మన తల వెంట్రుక మందం అంతకు ఎన్నో రెట్లు. అందుకే ఆ దుమ్ము గాల్లో తేలుతున్నా కంటికి ఆనదు.

పోచంపల్లి, పుట్టపాకల్లో చిటికి (ఇక్కత్) కట్టే ఇళ్లలోనూ, చీరాల, మంగళగిరి వైపు చిలపలకు (నూలు కట్టలకు) రంగు వేసే షెడ్లలోనూ ఎక్కువగా వినిపించే పేర్లు మూడు: రియాక్టివ్, వ్యాట్, నాఫ్తాల్. డబ్బాలో చూస్తే మూడూ ఒకలాంటి పొడులే. నూలుకు పట్టుకునే తీరు మాత్రం ఒక్కోదానిది ఒక్కో రకం. రంగు నూలుకు ఎలా పడుతుందో తెలిస్తే మనిషికి ఎక్కడ చేటు చేస్తుందో కూడా చాలావరకు తెలిసిపోతుంది. ఈ సంగతి ఎక్కువగా చెప్పాల్సింది రియాక్టివ్ రంగుల గురించే.

1856లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు లండన్‌లో మలేరియా మందు తయారుచేయబోయి ఊదారంగు తీశాడు. కృత్రిమ రంగుల పరిశ్రమ అక్కడ మొదలైంది. సరిగ్గా వందేళ్లకు, 1956లో, ఇంగ్లండులోని ఐసీఐ కంపెనీ ప్రోసియన్ పేరుతో మొదటి రియాక్టివ్ రంగుల్ని అమ్మకానికి పెట్టింది. రాటీ, స్టీఫెన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తల పనితనం అది. అంతకుముందు నూలుకు వేసే రంగులు పోగు లోపల ఇరుక్కుని ఉండేవి, లేదా దానికి పైపైన అతుక్కుని ఉండేవి. ఇవి అలా కాదు. నూలు అంటే సెల్యులోజ్. దాని పొడవునా ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు ఉంటాయి. నీళ్లలో సోడా యాష్ పడగానే అవి చురుకెక్కుతాయి. రంగు అణువులో ఒక మూల సిద్ధంగా ఉన్న క్లోరిన్‌ను నెట్టేసి ఆ చోట తామే కూర్చుంటాయి. ఇక రంగు వేరు, దారం వేరు అని ఉండదు. రెండూ కలిసి ఒకే అణువు. ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు వదలకపోవడానికి కారణం ఈ బంధమే.

ఇప్పుడు అదే పొడి ఊపిరితిత్తుల్లో పడిందనుకోండి. అక్కడ సెల్యులోజ్ లేదు, ప్రోటీన్లు ఉన్నాయి. ప్రోటీన్లలో ఉండే అమైన్ గుంపులకు ఈ రంగులంటే నూలు కన్నా ఎక్కువ మక్కువ. సోడా యాష్ అక్కర్లేదు, ఒంటి వేడి చాలు. నమ్మకం కలగకపోతే పట్టును చూడండి. పట్టు ప్రోటీనే. రియాక్టివ్ రంగులు పట్టుకూ ఉన్నికీ కూడా పడతాయి. పట్టుపోగుకు పట్టే రంగు లోపలి తడిపొరకు పట్టకుండా ఎందుకుంటుంది?

అలా రంగు అంటుకున్న ప్రోటీన్ మనదే అయినా, శరీరం దాన్ని పరాయిది అనుకుంటుంది. దానిమీద ఐజీఈ అనే ప్రత్యేక ప్రతిరక్షకాల్ని తయారుచేసి పెట్టుకుంటుంది. 1980లలో బ్రిటన్‌లో రియాక్టివ్ రంగులతో పనిచేసే కార్మికుల్ని పరీక్షించినప్పుడు కొందరి రక్తంలో సరిగ్గా ఆ రంగులకే గురిపెట్టిన ప్రతిరక్షకాలు దొరికాయి. అందరికీ ఇలా జరగదు. జరిగేవాళ్లకు కూడా మొదటి రోజే జరగదు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ‘ఇన్నేళ్లుగా చేస్తున్నా, నాకేమీ కాలేదు’ అన్న మాటకు ఈ విషయంలో విలువ లేనిది అందుకే. ఆ ఏళ్లలోనే శరీరం ఆ రంగును గుర్తుపట్టడం నేర్చుకుంటూ ఉండొచ్చు.

మొదలయ్యేది మామూలు జలుబులా ఉంటుంది. తుమ్ములు, కళ్లవెంట నీళ్లు, రాత్రిపూట దగ్గు, ఛాతీ బిగపట్టినట్టు ఉండటం. సెలవు రోజుల్లో తగ్గి, పనిలోకి రాగానే మళ్లీ మొదలైతే అది జలుబు కాదని అర్థం. ఆ తేడాను డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఆయన అడగకపోవచ్చు. ఒకసారి ఉబ్బసం ఇలా స్థిరపడితే పక్క గదిలో ఎవరో డబ్బా మూత తీసినా ఆయాసం వచ్చేంత సున్నితంగా మారిపోతారు కొందరు. అప్పుడు ఆ పొడికి దూరమవడం తప్ప మంచి మార్గం లేదు. చేతివృత్తి మీద బతికే ఇంటికి అది చిన్న మాట కాదు.

ఇంత చురుకైన పొడికీ ఒక బలహీనత ఉంది, నీళ్లు. నీళ్లలో పడ్డాక దుమ్ముగా లేవలేదు. పైగా నీళ్ల అణువులే దానితో మెల్లమెల్లగా కలిసిపోయి దాని చురుకును చంపేస్తాయి. కలిపి ఉంచిన రియాక్టివ్ రంగు మర్నాటికి సరిగా పట్టదని అద్దకం చేసేవాళ్లకు తెలిసిందే. కాబట్టి జాగ్రత్త అంతా పొడి తడిసేలోపు పడాల్సిందే. ఆ కాస్త సమయం కోసం ఫ్యాను ఆపాలి. గాలి ఆడాలని ఫ్యాను కింద తూచేవాళ్లను చూశాను. అంతకన్నా చేటు పని లేదు. త్రాసు కింద తడి న్యూస్‌పేపరు పరిస్తే రాలిన పొడి అక్కడే అంటుకుపోతుంది. చెంచాను గిన్నెలోకి బాగా దించి వదలాలి, ఎత్తునుంచి కుమ్మరించకూడదు. తూచగానే మూత పెట్టేయాలి. మొదట కొద్దిగా నీళ్లు చిలకరించి ముద్దలా కలుపుకుని, తర్వాతే తక్కిన నీళ్లు పోయాలి. నేలమీద పడితే చీపురు జోలికి పోవద్దు, తడిగుడ్డతో ఎత్తేయాలి. చీపురుతో ఊడిస్తే కూర్చున్న దుమ్మును చేజేతులా లేపి మళ్లీ ముక్కులోకి పంపినట్టే.

ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోతుందన్న ధీమా చాలామందికి ఉంది. తువ్వాలు నేతలో సందులు ఈ నలుసులకు రాచబాటలు. ఆసుపత్రుల్లో కట్టుకునే పల్చటి మాస్కు చెంపల దగ్గర వదులుగా ఉండి గాలిని పక్కల నుంచే లాగుతుంది. కావాల్సింది ఎన్95 మాస్కు, లేదా ఐఎస్ 9473 ముద్ర ఉన్న మాస్కు. అది కూడా ముఖానికి అంచులన్నీ ఆనుకుని కూర్చుంటేనే పనిచేస్తుంది. గుబురు గడ్డం ఉంటే కూర్చోదు. ఇది చెబితే గడ్డం ఉన్నవాళ్లకు కోపం వస్తుందని తెలుసు, కానీ చెప్పక తప్పదు.

చేతులకు అంటిన రంగు పోవడానికి బ్లీచింగ్ పౌడరో, వ్యాట్ అద్దకంలో వాడే హైడ్రోసో రుద్దుకోవడం ఇంకో పాడు అలవాటు. రంగు పోతుంది, దాంతోపాటు చర్మం పైపొర కాపుదల కూడా పోతుంది. ఆ తర్వాత అంటేదేదైనా ఇంకా లోపలికి దిగుతుంది. నైట్రైల్ చేతి తొడుగులు వేసుకుంటే ఈ గొడవే ఉండదు. తొడుగు చిరిగితే మార్చాలి. లోపల రంగు చేరిన తొడుగు తొడుక్కుంటే రంగును రోజంతా చేతికి కట్టు కట్టినట్టే.

వ్యాట్ రంగుల దారి వేరు. వీటి విషయంలో రంగు పాపం మెతకదే, దాని తోడుదొంగలే ప్రమాదం. ఈ రంగులు నీళ్లలో కరగవు. కాస్టిక్ సోడా, హైడ్రోస్ కలిపి వేడినీళ్లలో వాటిని విరిస్తే కరిగే రూపంలోకి వస్తాయి. అప్పుడు అసలు రంగు కనిపించదు. నీలిమందు తొట్టిలోంచి తీసిన చిలపను చూడండి. పైకి తీసిన క్షణంలో ఆకుపచ్చ కలిసిన పసుపులో ఉంటుంది. విదిలించి గాలిలో పట్టుకుంటే కళ్లముందే మచ్చలు మచ్చలుగా పచ్చబడి, ఆపైన నీలమైపోతుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలి రంగు మళ్లీ కరగని రూపానికి వచ్చి పోగులో ఇరుక్కుపోతుంది.

ఇంత వింత చేసే హైడ్రోస్ అసలు పేరు సోడియం డైథయొనైట్. ఆక్సిజన్ కోసం అంతగా వెంపర్లాడే పదార్థం కాబట్టే దాన్ని నిలవ ఉంచడం కష్టం. డబ్బాలోకి నాలుగు చుక్కల నీళ్లో, తడిచెంచానో పోతే చాలు. లోపల్లోపల వేడెక్కి, ఘాటైన గంధకపు పొగ కక్కి, ఒక్కోసారి తనంతట తానే మండుతుంది. వానాకాలం కారే కప్పు కింద దాన్ని పెట్టకూడదు. మంట అంటుకుంటే ఇసుక చల్లడం మనకు అలవాటు. ఇక్కడ అది పనికిరాదు. హైడ్రోస్ మండటానికి బయటి గాలి అవసరం లేదు, అందుకే కప్పేస్తే ఆరదు. కొద్ది నీళ్లు దాన్ని రెచ్చగొడతాయి, బాగా నీళ్లు మాత్రమే దాన్ని ఆర్పుతాయి. కాబట్టి చెంబుతో కాదు, గాలి మన వీపు వైపు నుంచి వీచేలా నిలబడి గొట్టంతో పోయాలి. పొగ మనమీదికి తిరిగితే వదిలేసి బయటికి వచ్చేయడమే తెలివైన పని. యాసిడ్ సీసాను హైడ్రోస్ పక్కన ఎప్పుడూ పెట్టకూడదు. రెండూ కలిస్తే సల్ఫర్ డయాక్సైడ్ ఒక్కసారిగా పుట్టుకొస్తుంది.

కాస్టిక్ గురించి రెండే మాటలు. నీళ్లలో కాస్టిక్ వేయాలి గాని కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు, ఉడికి ఎగజిమ్ముతుంది. కంట్లో పడితే నిమ్మరసమో వెనిగరో వేసి విరగ్గొడదామని చూడొద్దు. కుళాయి కింద రెప్పలు తెరిచి పట్టుకుని అరగంట కడిగి, అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి. క్షారం కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ కంటి లోపలికి దిగుతుంది, యాసిడ్ కన్నా లోతుగా.

మూడో దారి నాఫ్తాల్ లాంటి అజో రంగులది, అంటే నైట్రోజన్ జంట ఉన్న రంగులది. అది నెమ్మదైనది, అన్నిటికన్నా మోసకారి. అక్కడ హాని చేసేది రంగూ కాదు, తోడుదొంగలూ కాదు, రంగును శరీరం విరగ్గొట్టగా వచ్చిన ముక్కలు. 1895లో ఫ్రాంక్‌ఫర్ట్ సర్జన్ లుడ్విగ్ రేన్, మెజెంటా రంగు తయారుచేసే కార్మికుల్లో మూత్రాశయపు క్యాన్సర్ కనిపిస్తోందని బయటపెట్టాడు.  అసలు దోషి ఎవరో తేలడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. 1938లో అమెరికాలో విల్‌హెల్మ్ హ్యూపర్ కుక్కలకు బీటా నాఫ్తిలమిన్ ఇచ్చి అదే క్యాన్సర్ తెప్పించి చూపాడు. బెంజిడిన్ కూడా ఆ కోవకు చెందిన అమైనే. డైరెక్ట్ బ్లాక్ 38 లాంటి రంగుల్ని బెంజిడిన్‌తోనే కట్టారు. పేగుల్లోని సూక్ష్మజీవులు, కాలేయం ఆ రంగులోని నైట్రోజన్ జంటను తెంపి, లోపల బంధించి ఉన్న బెంజిడిన్‌ను మళ్లీ విడుదల చేస్తాయి. అది మూత్రాశయం దాకా చేరుతుంది. జబ్బు బయటపడేది పదిహేను ఇరవై ఏళ్లకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా. అప్పటికి ఆ మనిషి ఆ పనే మానేసి ఉండొచ్చు.

జర్మనీ ఇలాంటి అమైన్లను విడుదలచేసే అజో రంగులున్న బట్టల్ని 1994లో నిషేధించాక మన ఎగుమతిదారులకు ఇది తెలిసొచ్చింది. మన ప్రభుత్వం 1993లో 42 బెంజిడిన్ రంగుల్ని, 1997లో మరో 70 అజో రంగుల్ని నిషేధించింది. అలాగని అజో రంగులన్నీ విషం కావు. తెగినప్పుడు ఏ ముక్క బయటికి వస్తుందన్నదే లెక్క. నాఫ్తాల్ అద్దకంలో జాగ్రత్తగా చూడాల్సింది రంగు పుట్టించే బేస్‌ను. ఫాస్ట్ గార్నెట్ జీబీసీ, ఫాస్ట్ బ్లూ బీ అన్న పేర్లు డబ్బా మీద కనిపిస్తే ముట్టుకోకపోవడమే మేలు. మొదటిది క్యాన్సర్ కారక అమైన్ల పట్టికలో ఉన్నదే, రెండోది బెంజిడిన్‌కు తోబుట్టువు. షెడ్డులో టీ తాగడం, బీడీ కాల్చడం కూడా ఇందుకే మానుకోవాలి. చేతి రంగు నోట్లోకి పోయే సులువు దారి అదే. సిగరెట్ పొగలో బీటా నాఫ్తిలమిన్ విడిగా ఉండనే ఉంది.

సహజ రంగులైతే ఈ బాధలేవీ ఉండవని ఈమధ్య బాగా వినిపిస్తోంది. చిరువేరు, కరక్కాయ, పటిక వరకు సరే. రంగు గట్టిపడటానికి మధ్యలో పొటాషియం డైక్రోమేట్ కలిపితే మాత్రం ఆ మాట చెల్లదు. అందులోని క్రోమియం చర్మానికి ఎలర్జీ తెస్తుంది, దుమ్ముగా పీలిస్తే క్యాన్సర్ కారకం. దేని నుంచి వచ్చింది అన్నదానికన్నా చేతిలో ఉన్నదేమిటి అన్నదే ముఖ్యం.

చిన్న అద్దకందార్లకు ఆ సంగతే తెలియకుండా పోతోంది. పెద్ద డ్రమ్ములోంచి పావుకిలో, అరకిలో చొప్పున ప్లాస్టిక్ కవర్లలోకి మార్చి అమ్మే దుకాణాల్లో కవరు మీద పెన్నుతో ‘నీలం’ అనో ‘మెరూన్’ అనో రాసి ఇస్తారు. ఆ నీలం ప్రోసియన్ కావొచ్చు, వ్యాట్ కావొచ్చు, ఫాస్ట్ బ్లూ బీ కూడా కావొచ్చు. ఒకటి ఊపిరికి చేటు, ఒకదానికి హైడ్రోస్ తోడు కావాలి, ఒకటి అసలు ఇంట్లోకి రానివ్వకూడనిది. కొనేటప్పుడు డ్రమ్ము మీది లేబుల్‌ను సెల్‌ఫోనులో ఫొటో తీసుకోండి. తయారీ కంపెనీ ఇచ్చే భద్రతా వివరాల పత్రం ఉంటే వాట్సాప్‌లో పంపమని అడగండి. దుకాణదారు విసుక్కుంటే ఆ పొడి అక్కడే వదిలేయండి. ఎప్పుడైనా ఎవరినైనా ఆయాసంతోనో మండే కళ్లతోనో ఆసుపత్రికి తీసుకెళ్తే, ఏం పడిందని డాక్టరు అడిగినప్పుడు నీలం రంగు అంటే ఆయనకు ఏమీ తెలియదు. ఆ ఫొటో చూపిస్తే తెలుస్తుంది.