గిలక సాయంతో ‘అటకెక్కే’ సైకిల్

పైకప్పు కింది ఖాళీయే స్థలం.. బిగింపులో అజాగ్రత్త తగదు

కొత్తవలస: ఇంటికి మోటారు సైకిల్ వచ్చిన నాటి నుంచి పాత సైకిల్‌కు చోటు కరవవుతోంది. తొలుత పోర్టికోలో ఓ మూలకు, ఆపై ప్రహరీ పక్కకు, చివరకు పెరటిలోకి చేరుతుంది. వర్షాకాలమంతా తడిస్తే రిమ్ములకు తుప్పు పడుతుంది, గొలుసు బిగుసుకుపోతుంది. వేసవి ఎండకు టైర్లు బీటలు వారతాయి. ఇక మిగిలేది పాత ఇనుము కింద తూకానికి వేయడమే. ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు అందిన సైకిళ్లకైనా, తండ్రి స్టేషన్‌కు తొక్కిన సైకిల్‌కైనా ఇదే గతి. ఇంట్లో తమ్ముడో చెల్లెలో రేపు ఎక్కాల్సిన బండి అది.

నేల మీద చోటు లేకున్నా పైకప్పు కింద ఉంటుంది. పాలు, పెరుగు పిల్లికి అందకుండా ఉట్టి కట్టిన ఇళ్లకు ఈ ఆలోచన కొత్త కాదు. తేడా అల్లా బరువులోనే. క్యారియర్, స్టాండ్‌తో కూడిన సాధారణ సైకిల్ సుమారు 20 కిలోలు తూగుతుంది. దానిని చేతులతో తల మీదికి ఎత్తడం ఇంట్లో అందరి వల్లా కాదు. అందుకే గిలకలు.

నూతి గిలక బరువును తగ్గించదు, లాగే దిశను మాత్రమే మారుస్తుంది. బరువు తగ్గాలంటే కొక్కెంతో పాటు కదిలే గిలక ఉండాలి. తాడు ఒక కొనను పైకప్పుకు కట్టి, కిందికి తెచ్చి, కదిలే గిలక చుట్టూ తిప్పి, మళ్లీ పైనున్న స్థిర గిలక మీదుగా పక్కకు తీసుకురావాలి. హ్యాండిల్‌కు ఒకటి, సీటుకు ఒకటి చొప్పున ఇలాంటి జతలు రెండు అవసరం. రెండు తాళ్లను కలిపి లాగితే సైకిల్ ఒరగకుండా లేస్తుంది. లాగాల్సిన బరువు సుమారు 10 కిలోలకు దిగుతుంది, గిలకల రాపిడికి మరికొంత కలుస్తుంది. బరువు సగమైనందుకు ప్రతిఫలంగా తాడు రెట్టింపు లాగాలి. 5 అడుగులు లేపేందుకు 10 అడుగులు.

అసలు జాగ్రత్త పైకప్పు దగ్గరే. కొత్తగా శ్లాబు వేసే వారు ఫ్యాన్ కొక్కెం మాదిరిగానే మరో రెండు కొక్కేలను చువ్వలకు కట్టించుకుంటే ఖర్చు స్వల్పం. పాత శ్లాబుకైతే డ్రిల్లుతో రంధ్రం చేసి ఇనుప యాంకర్ బోల్టులు బిగించాలి. క్యాలెండర్ తగిలించే ప్లాస్టిక్ గట్టాలు ఇందుకు పనికిరావు. పెచ్చులూడి చువ్వలు కనిపిస్తున్న శ్లాబు జోలికి అసలు పోరాదు. పెంకుటింట్లో దూలానికి కట్టవచ్చు, వాసానికి వద్దు. రేకుల షెడ్డులో బరువు మోయాల్సింది ఇనుప పైపే గాని రేకు కాదు. తాడు చేజారి కుదుపుతో ఆగితే కొక్కేలపై పడే బలం సైకిల్ బరువుకు కొన్ని రెట్లవుతుందని మరవరాదు.

కొబ్బరి తాడు తేమకు చివికిపోతుంది కనుక నైలాన్ తాడు మేలు. అయితే అదీ ఎండకు పెళుసుబారుతుంది, అప్పుడప్పుడు తడిమి చూడాలి. కొక్కేలకు పాత ట్యూబు ముక్క చుడితే రంగు చెదరదు. రాడ్ బ్రేకుల సైకిళ్లకు కొక్కెం బ్రేకు కడ్డీకి తగలకుండా హ్యాండిల్ గొట్టానికే వేయాలి, లేకుంటే కడ్డీ వంగుతుంది. వెనుక వైపు సీటు బోల్టు బిగువు చూసుకోవాలి. లేపాక తాడును గోడకున్న రెండు కొమ్ముల కొక్కేనికి 8 అంకె ఆకారంలో చుట్టి ముడి వేయాలి. ఆ కొక్కెం పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి. 10 అడుగుల పైకప్పుకు వేలాడదీస్తే చక్రాల కింద సుమారు 6 అడుగులే మిగులుతుంది. పొడగరి తలకు తగలవచ్చు గనుక నడిచే దారిలో కాక మోటారు సైకిల్ నిలిపే చోటికి పైన కడితే ఇబ్బంది ఉండదు.

రోజూ తొక్కే సైకిల్‌కు ఇంత హంగామా అనవసరం. నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ రైల్వేస్టేషన్ వద్ద 2019లో పూర్తయిన 12,500 సైకిళ్ల నిలయంలోనూ పైవరుస ఉంది గాని, అక్కడ సైకిల్‌ను వేలాడదీయరు, కిందికి జారే పట్టాపై నెట్టి పెడతారు.

తెరిచి ఉన్న పోర్టికోలో మరో ప్రమాదం ఉంది. 2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని తాకిన హుద్‌హుద్ వంటి గాలికి వేలాడే సైకిల్ ఊగి గోడలను, కిటికీలను బద్దలు కొడుతుంది. తుపాను హెచ్చరిక వెలువడిన వెంటనే దానిని దించి, ఇంటి లోపలికి చేర్చుకోవాలి.