రోమ్ బహుమతి: ఫ్రాన్స్ యువ స్వరకర్తలకు పెట్టిన పరీక్ష

రోమ్ బహుమతి 1663లో, పద్నాలుగో లూయీ కాలంలో, ఫ్రెంచ్ చిత్రకారుల కోసం, శిల్పుల కోసం పుట్టింది. అందులో సంగీతానికి చోటు దక్కింది 1803లో. ముప్పై ఏళ్లలోపు స్వరకర్తలు పోటీపడేవారు. గెలిస్తే రోమ్‌లోని మెడిచి భవనంలో నివాసం, కొన్నేళ్లపాటు ప్రభుత్వ భృతి.

పరీక్షకు రెండు దశలు. మొదటి దశలో ఒక బృందగానంతో పాటు ఫ్యూగ్ రాయాలి. ఒకే స్వరవాక్యాన్ని పలు గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకుంటూ అల్లుకుపోయే కఠినమైన రచన అది. అది దాటినవారిని వారాల తరబడి విడివిడి గదుల్లో ఉంచి, చేతికిచ్చిన గీతాన్ని కాంటాటాగా, అంటే ఆర్కెస్ట్రాతో పాడే నటన లేని కథాగానంగా, మలచమనేవారు. చిక్కంతా తీర్పులోనే. ఆర్కెస్ట్రా కోసం రాసినదాన్ని పియానో మీద వాయించి వినిపించేవారు. పైగా తుది ఓటు చిత్రకారులకూ, శిల్పులకూ ఉండేది!

ఈ పద్ధతికి బాగా నలిగినవాడు బెర్లియోజ్. 1827లో అతని రచన వాయించడానికే వీల్లేనిదన్నారు. మరుసటి ఏడాది రెండో బహుమతి ఇచ్చారు. 1829లో మొదటి బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. 1830లో అతను జాగ్రత్తపడ్డాడు. పియానో మీద తేలిపోయే అగ్నికాండ ఘట్టాన్ని పక్కన పెట్టి కాంటాటా సమర్పించాడు, గెలిచాక దాన్ని చేర్చాడు. పరీక్షకుల మనసెరిగి రాస్తేనే నెగ్గుతామని అతనికి అప్పటికి బోధపడినట్టుంది.

బిజే 1857లో, డెబ్యుసీ 1884లో గెలిచారు. రావెల్‌కు మాత్రం మొదటి బహుమతి అందనేలేదు. 1905 నాటికే అతని స్ట్రింగ్ క్వార్టెట్, అంటే నాలుగు తంత్రీవాద్యాల రచన, వెలువడింది. వయోపరిమితి వల్ల పోటీలో ఆ ఏడాదే అతనికి ఆఖరి అవకాశం. అయినా తొలి దశలోనే తప్పించారు. తుది దశకు చేరినవారంతా న్యాయనిర్ణేతల్లో ఒకరైన లెనెవ్యూ శిష్యులేనని తెలిసి పత్రికలు దుమ్మెత్తిపోశాయి. అదే ఏడాది పారిస్ కన్సర్వేటరీ పగ్గాలు దుబువా నుంచి రావెల్ గురువు ఫోరే చేతికి వచ్చాయి.

స్త్రీలకు పోటీలో ప్రవేశం 1903లో లభించింది. 1913లో పందొమ్మిదేళ్ల లిలీ బూలాంజే సంగీతంలో మొదటి బహుమతి గెలిచిన తొలి మహిళ అయింది. ఆమె అక్క నాదియా 1908లో రెండో బహుమతితో ఆగిపోయింది.

1968 విద్యార్థి ఉద్యమం తర్వాత ఫ్రాన్స్ ఈ పోటీని రద్దు చేసింది. మెడిచి భవనంలో స్వరకర్తలకు ఇప్పటికీ చోటు ఉంది. కానీ గదిలో బంధించి ఫ్యూగ్ రాయించరు, దరఖాస్తులు చూసి ఎంపిక చేస్తారు.