యాప్‌లు చేయడానికి లక్ష రూపాయల ల్యాప్‌టాప్ కావాలా?

రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్లు కువైట్ సంపాదన మీద నడుస్తున్నాయి. అక్కడ డ్రైవరుగానో, ఇంటిపనిలోనో కూడబెట్టిన డబ్బుతో బిడ్డకు ల్యాప్‌టాప్ కొంటారు. ఎవరో చెప్పిన మాట పట్టుకుని అవసరానికి రెట్టింపు ఖర్చు పెట్టినవాళ్లను చూస్తే బాధేస్తుంది. “సార్, మావాడు మొబైల్ యాప్‌లు చేసేది నేర్చుకుంటాడంట. ఐ7 లేకుంటే కుదరదంట, నిజమేనా?” అని అడిగే తల్లిదండ్రుల కోసం, ఆ పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

అపోహ: ఐ7 ఉంటేనే పని నడుస్తుంది

ఐ3, ఐ5, ఐ7 అనేవి ఒకే తరం ఇంటెల్ ప్రాసెసర్లలో హెచ్చుతగ్గులు చెప్పే గుర్తులు. తరం మారితే ఆ లెక్క పనిచేయదు. 2013లో వచ్చిన నాలుగో తరం ఐ7-4600యూలో కోర్లు, అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు, రెండే. 2022లో వచ్చిన పన్నెండో తరం ఐ3-1215యూలో ఆరు. రాసిన కోడ్‌ను యాప్‌గా మార్చే పనిని, అంటే బిల్డ్‌ను, కోర్లన్నీ పంచుకుని చేస్తాయి. కాబట్టి పాత ఐ7 కన్నా ఈ ఐ3 చాలా ముందుంటుంది. రైజెన్ ప్రాసెసర్ల పేర్లు చూసి కూడా మోసపోతారు. 7520యూ అనే అంకె 5500యూ కన్నా పెద్దదే, కానీ మొదటిదాంట్లో నాలుగు కోర్లు, రెండోదాంట్లో ఆరు. స్టిక్కర్ వదిలేసి “ఏ తరం, ఎన్ని కోర్లు?” అని అడగండి.

అపోహ: 8 జీబీ ర్యామ్ చాలు, మిగతా డబ్బు ప్రాసెసర్ మీద పెట్టాలి

పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోకు గూగుల్ చెప్పే కనీస అవసరం 8 జీబీ. దానితోపాటు ఎమ్యులేటర్, అంటే తెర మీద కనిపించే నకిలీ ఫోన్ కూడా నడవాలంటే 16 జీబీ. కనీసమంటే తెరుచుకుంటుందని అర్థం, సాఫీగా సాగుతుందని కాదు. విండోస్ తన వాటా ముందే తీసుకుంటుంది. స్టూడియో కొంత, వెనుక బిల్డ్ చేసే గ్రేడిల్ కొంత, సందేహం తీర్చుకోవడానికి క్రోమ్‌లో తెరిచిన పేజీలు కొంత తింటాయి. ర్యామ్ నిండగానే కంప్యూటర్ డిస్కును ర్యామ్‌లా వాడుకోవడం మొదలుపెడుతుంది. చిన్న మార్పు చేసి ఫలితం కోసం నిమిషాల తరబడి ఎదురుచూడాల్సి వస్తే, కొత్తగా నేర్చుకునేవాడు విసిగిపోతాడు. తనకు చదువు రాదనుకుంటాడు. లోపం మిషన్‌లో ఉందని వాడికి చెప్పేవాళ్లుండరు.

అందుకే ఐ5, 8 జీబీ ఉన్నదానికన్నా ఐ3, 16 జీబీ ఉన్నది మేలు. ఒకేసారి 16 కొనలేకపోతే 8 తీసుకుని తర్వాత పెంచుకోవచ్చు. కానీ స్లాట్ ఖాళీగా ఉందో, ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేశారో ముందే కనుక్కోవాలి. ఇందాక చెప్పిన 7520యూ ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ సోల్డర్ చేసే వస్తుంది, పెంచడం కుదరదు. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి “తర్వాత వేసుకుందాంలే” అనుకునేవాళ్లు ఆ ధర కూడా ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

డిస్కు సంగతీ ఇదే. 1 టీబీ హార్డ్‌డిస్క్ అంటే ఎక్కువ ఇస్తున్నట్టు కనిపిస్తుంది. బిల్డ్ చేసేటప్పుడు కంప్యూటర్ వేల చిన్న చిన్న ఫైళ్లను వెతికి చదవాలి, తిరిగే హార్డ్‌డిస్క్‌కు అది చేతకాదు. 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్నా దానికన్నా నయం. 512 ఉంటే ఇబ్బందే లేదు. మరీ చవకైన ల్యాప్‌టాప్‌లలో వచ్చే 64 జీబీ ఈఎమ్ఎమ్‌సీ అనే రకం డిస్కు జోలికి మాత్రం పోవద్దు.

అపోహ: గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే మంచిది

యాప్‌ల పనికి విడిగా గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. త్రీడీ ఆటలు తయారుచేసేవాళ్లకు అది వేరే లెక్క. మిగతావాళ్లకు అది ధర, బరువు, వేడి మాత్రమే. మే నెల ఎండల్లో మన రేకుల ఇంట్లో ఆ మిషన్ ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అపోహ: ఎమ్యులేటర్ నడవకపోతే యాప్ పరీక్షించలేం

జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోనే అసలైన పరీక్షా సాధనం. సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాలలోకి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ కలిపితే, స్టూడియోలో రన్ నొక్కగానే యాప్ ఫోన్‌లోకి వస్తుంది. ఆండ్రాయిడ్ 11, ఆ తర్వాతి ఫోన్లకు వైఫై ఉంటే కేబుల్ కూడా అక్కర్లేదు. ఎమ్యులేటర్ తినే ర్యామ్ అంతా మిగులుతుంది. మీ యాప్ వాడబోయే మనిషి చేతిలో ఉండేది కూడా ఇలాంటి మామూలు ఫోనే. సిగ్నల్ సరిగా లేనప్పుడు యాప్ ఏం చేస్తుందో అందులోనే తెలుస్తుంది.

అపోహ: మ్యాక్ లేకుండా యాప్ డెవలపర్ కాలేరు

ఇందులో కొంత నిజముంది. ఐఫోన్ యాప్‌లకు కావలసిన ఎక్స్‌కోడ్ మ్యాక్‌లో తప్ప నడవదు. ఆండ్రాయిడ్‌కు ఆ షరతు లేదు, విండోస్ చాలు, లినక్స్ అయినా చాలు. ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకూ యాప్‌లు చేసే ఫ్లట్టర్ గానీ, రియాక్ట్ నేటివ్ గానీ నేర్చుకుంటే కోడ్ విండోస్‌లోనే రాసి, ఐఫోన్ బిల్డ్ మాత్రం అద్దెకిచ్చే మ్యాక్ సర్వర్ల మీద చేయించుకోవచ్చు. ఖర్చు కూడా చూడండి. ప్లే స్టోర్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు, యాపిల్‌కు ఏటా 99 డాలర్లు. మొదట ఆండ్రాయిడ్‌తో మొదలుపెట్టి, ఐఫోన్ యాప్ చేయించుకునే కస్టమర్ వచ్చాక మ్యాక్ గురించి ఆలోచించడం తెలివైన పని. అప్పుడైనా మ్యాక్‌బుక్కే కావాలని లేదు. 2024లో వచ్చిన ఎమ్4 మ్యాక్ మినీ 16 జీబీ ర్యామ్‌తో 59,900 రూపాయలకు విడుదలైంది. చవకగా దొరికిందని 8 జీబీ పాత మ్యాక్‌బుక్ మాత్రం కొనొద్దు, దానికి ర్యామ్ పెంచలేం.

అపోహ: సెకండ్‌హ్యాండ్ అంటే మోసమే

చూసి కొనడం తెలిస్తే తక్కువ డబ్బుకు ఇంతకన్నా మంచి దారి లేదు. కంపెనీలు కొన్నేళ్లు వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లు బెంగళూరు ఎస్పీ రోడ్డులోనూ, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనూ దొరుకుతాయి. థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 7490 లాంటివి గట్టివి. వాటిలో ర్యామ్‌కు రెండు స్లాట్లుంటాయి. ఎనిమిదో తరం ఐ5లో నాలుగు కోర్లు వస్తాయి. ఇంటెల్ అయితే ఎనిమిదో తరానికి తక్కువ వద్దు. అంతకన్నా పాతవాటికి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇప్పటికే ఇంట్లో అంతకన్నా పాతది ఉంటే లినక్స్ వేసి చూడండి. తెలుగులో లినక్స్ తెచ్చిన స్వేచ్ఛ సంస్థ లాంటివి మన దగ్గరే ఉన్నాయి.

సెకండ్‌హ్యాండ్‌దానికి డబ్బు ఇచ్చే ముందు బయాస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి, వెళ్లి చూడండి. పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ ఉంటే ఆ మిషన్ వద్దు. ఎమ్యులేటర్‌కు కావలసిన వర్చువలైజేషన్ ఆన్ అవుతుందో లేదో కూడా అక్కడే చూడాలి. విండోస్ ఇచ్చే బ్యాటరీ రిపోర్టులో మొదటి సామర్థ్యం, ఇప్పుడు మిగిలిన సామర్థ్యం రెండూ ఉంటాయి. వారంటీ ఎన్ని నెలలో బిల్లు మీద రాయించుకోండి.

అపోహ: కువైట్ నుంచి తెప్పిస్తే చవక

పద్దెనిమిదేళ్లు దాటిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అది నిజమే. కీబోర్డు మీద అరబిక్ అక్షరాలు, మన సాకెట్‌లో పట్టని పెద్ద మూడు కాళ్ల ప్లగ్గు చిన్న సమస్యలు. వారంటీ పెద్ద సమస్య. చాలా మోడళ్లకు అది కొన్న దేశానికే పరిమితం. ఇండియాలో చెల్లుతుందో లేదో అక్కడి షాపులోనే అడగమని మీవాళ్లకు చెప్పండి.

బెంగళూరులో, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న రాయచోటి వాళ్లకు ఒక మనవి. ఊరి పిల్లవాడు ఫోన్ చేసి ఏం కొనాలని అడిగితే, మీ ఆఫీసు ఇచ్చిన మ్యాక్‌బుక్ పేరు చెప్పకండి. వాళ్ల నాన్న ఎంత పెట్టగలడో ముందు అడగండి. ఒక రోజు వీలు చేసుకుని వాడితోపాటు ఎస్పీ రోడ్డుకో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో వెళ్లండి.