విడిభాగమా? మూలకారణమా?

ఒక కారులో చిన్నవీ పెద్దవీ కలిపి వేల సంఖ్యలో విడిభాగాలు ఉంటాయి. అవన్నీ ఒకే కాలం మన్నవు. కొన్ని అరిగిపోతాయి, కొన్ని కాలిపోతాయి, కొన్ని పగిలిపోతాయి. పాడైన భాగాన్ని తొలగించి కొత్తదానిని అమర్చడం సహజమే. అయితే మార్చిన భాగమే కొద్ది నెలలకు మళ్లీ పాడైతే? మూడవసారి కూడా అదే జరిగితే? అప్పుడు సామాన్యంగా వినిపించే మాట ఒక్కటే: "కంపెనీ పార్టు వేయించవలసింది. బయటి పార్టు వేయించి మోసపోయాం." కారును అద్దెకు తిప్పి కుటుంబాన్ని పోషించుకొనే వ్యక్తికి ఇది విసుగుతో పోయే విషయం కాదు. బండి షెడ్డులో ఉన్న ప్రతి దినమూ ఆదాయం లేని దినమే. కనుక ఈ మాటలో నిజమెంతో విచారించి తెలుసుకోవడం అవసరం.

విడిభాగాలు - రకాలు

"బయటి పార్టు" అనే పేరుతో మనం పిలిచే వస్తువులన్నీ ఒకటి కావు. కార్ల తయారీ సంస్థ తన కారులోని భాగాలన్నింటినీ స్వయంగా తయారుచేయదు. చాలా భాగాలను ఇతర పరిశ్రమల నుంచి కొని అమర్చుతుంది. 1951లో ఏర్పడి, 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మారిన మైకో సంస్థ ఇటువంటిదే. తిరుపతి సమీపంలోని కరకంబాడి కేంద్రంగా ఎదిగిన అమరరాజా సంస్థ బ్యాటరీలు కూడా ఇటు కార్ల కర్మాగారాలకు, అటు బజారులోని దుకాణాలకు వెళ్తాయి.

ఈ దృష్టితో చూస్తే విడిభాగాలు నాలుగు విధాలు. కార్ల సంస్థ పేరుతో, దాని పెట్టెలో లభించేవి మొదటి రకం. ఆ సంస్థకు సరఫరా చేసే పరిశ్రమే తన సొంత పేరుతో బజారులో అమ్మేవి రెండవ రకం. స్వతంత్ర పరిశ్రమలు తయారుచేసేవి మూడవ రకం; వీటిలో మేలైనవీ ఉన్నాయి, నాసిరకానివీ ఉన్నాయి. ప్రసిద్ధమైన పేరును దొంగిలించి అచ్చువేసిన పెట్టెలో పెట్టి అమ్మే నకిలీలు నాలుగవ రకం. ప్రజలు "డూప్లికేటు" అనేది వీటినే. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, వీటిలో నాణ్యత అంత. మొదటి మూడు రకాలనూ నాలుగవదానితో కలిపి ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

నాసిరకం భాగం చేసే హాని

నాణ్యత లేని భాగం ఇంజనుకు నిజంగానే చేటు తెస్తుంది. ఆయిల్ ఫిల్టరునే తీసుకుందాం. పైకి అది ఒక రేకు డబ్బా. లోపల మడతలు పెట్టిన కాగితం నూనెలోని మలినాలను వడకడుతుంది. ఆ కాగితం మూసుకొనిపోయినప్పుడు నూనెను పక్కదారిన పంపే కవాటం ఒకటి ఉంటుంది. ఇంజను ఆగినప్పుడు నూనె వెనుకకు జారిపోకుండా ఆపే రబ్బరు కవాటం చాలా ఫిల్టర్లలో ఉంటుంది. ఆ రబ్బరు నాసిరకానిదైతే త్వరలోనే గట్టిపడుతుంది. నూనె జారిపోతుంది. ఇక ఇంజనును స్టార్టు చేసిన ప్రతిసారీ నూనె చేరేంతవరకు కొన్ని క్షణాలపాటు బేరింగులు పొడిగా రాసుకొంటాయి. బేరింగుకూ అందులో తిరిగే ఇరుసుకూ మధ్య నూనె నిలిచే సందును మిల్లీమీటరులో నూరవ వంతులతో కొలుస్తారు. అంత సూక్ష్మమైన చోట రాపిడి మొదలైతే ఫిల్టరులో మిగిల్చిన పదుల రూపాయలకు ఇంజనులో వేల రూపాయలు చెల్లించవలసి వస్తుంది.

మంచి భాగం కూడా ఎందుకు పాడవుతుంది?

అయితే అదే భాగం పదే పదే పాడవుతున్నప్పుడు నాణ్యతను మాత్రమే అనుమానిస్తే చాలదు. పెట్రోలు కారులోని ఇగ్నిషన్ కాయిల్ ఇందుకు చక్కని ఉదాహరణ. బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టుల విద్యుత్తును అది 20 వేల వోల్టులకు పైగా పెంచి స్పార్క్ ప్లగ్గుకు అందిస్తుంది. ఇంజను నిమిషానికి 3,000 సార్లు తిరిగేటప్పుడు ఒక్కొక్క ప్లగ్గు సాధారణంగా సెకనుకు 25 నిప్పురవ్వలను పుట్టించాలి.

ప్లగ్గు కొనల మధ్య సందు సుమారు ఒక మిల్లీమీటరు. ప్లగ్గు అరిగేకొద్దీ ఆ సందు పెరుగుతుంది. పెరిగిన సందును దాటడానికి మరింత వోల్టేజి కావాలి. ఆ భారం కాయిల్ మీద పడుతుంది. దాని తీగచుట్టల మధ్యనున్న విద్యుద్బంధక పొర వేడెక్కి చివరకు చెడిపోతుంది. ఇంజను తడబడుతుంది, దీనినే మెకానిక్కులు "మిస్సింగ్" అంటారు. కాయిల్‌ను మార్చి, పాత ప్లగ్గును అలాగే ఉంచితే కొత్త కాయిల్‌కూ అదే గతి పడుతుంది. అది కంపెనీ పెట్టెలో వచ్చినదైనా సరే, ఆయువు తగ్గక మానదు. ట్యాపెట్ కవర్ గాస్కెట్ నుంచి కారిన నూనె ప్లగ్గు గుంటలో చేరినా ఫలితం ఇంచుమించు ఇదే.

టర్బోచార్జరు విషయమూ ఇటువంటిదే. దాని ఇరుసు నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది. దానికి నూనె తెచ్చే సన్నని గొట్టంలో మసి పేరుకొని ఉంటే, ఎంత ఖరీదైన టర్బో బిగించినా నూనె అందక బేరింగులు కాలిపోతాయి. వేడికి వంగిన సిలిండర్ హెడ్డును చదును చేయించకుండా కొత్త గాస్కెట్ వేస్తే అది మళ్లీ ఊదిపోతుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్లు, ఈ సందర్భాలలో నింద విడిభాగం మీద పడుతుంది.

కాకతాళీయం - కార్యకారణం

కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగితే, కాకి వాలడం వల్లనే పండు రాలిందనుకోవడం పొరపాటు. దీనినే పెద్దలు కాకతాళీయ న్యాయం అన్నారు. బయటి పార్టు వేసిన తరువాత బండి చెడిపోయినంత మాత్రాన ఆ పార్టు వల్లనే చెడిపోయిందని చెప్పలేం. పరీక్షించాలి.

ఆ పరీక్ష కష్టమైనదేమీ కాదు. ప్రతి సిలిండరుకూ విడిగా కాయిల్ ఉన్న ఇంజనులో, అనుమానం ఉన్న కాయిల్‌ను పక్క సిలిండరుకు మార్చి చూడాలి. తడబాటు కూడా కాయిల్‌తోపాటు పక్క సిలిండరుకు మారితే లోపం కాయిల్‌లోనే ఉన్నది. తడబాటు పాత చోటనే నిలిచిపోతే కారణాన్ని ప్లగ్గులోనో, వైరులోనో, ఇంధనం అందే మార్గంలోనో వెదకాలి. ఎప్పుడూ ఒకే సిలిండరులో కాయిల్ కాలిపోతుంటే ఆ చోటును అనుమానించాలి. ఒకే దుకాణంలో కొన్న కాయిళ్లు వేరు వేరు సిలిండర్లలో వరుసగా కాలిపోతుంటే, ప్లగ్గులు బాగున్నాయని చూచుకొన్న తరువాత, వస్తువును అనుమానించాలి.

చట్టం - వినియోగదారుడు

సరైన భాగాన్ని సరైన ధరకు ఎంచుకొనే హక్కు కూడా ఇక్కడ ముఖ్యమైనది. విడిభాగాలు, లోపాలను కనిపెట్టే పరికరాలు స్వతంత్ర మెకానిక్కులకు అందకుండా కట్టడి చేశారన్న కారణంతో భారత కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల సంస్థలకు 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. విజయవాడ జవహర్ ఆటోనగర్ వంటి చోట్ల పనిచేసే వేలాది మెకానిక్కుల జీవనోపాధికి సంబంధించిన విషయమిది. మరొకవైపు, 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ఇతరుల వ్యాపార చిహ్నాన్ని అనుకరించి మోసగించేవారికి ఆరు నెలల నుంచి మూడు సంవత్సరాల వరకు జైలుశిక్షను, జరిమానాను నిర్దేశించింది. అయితే బిల్లు లేకుండా కొన్నవానికి తాను ఏమి కొన్నాడో నిరూపించుకోవడం కష్టం. కనుక బిల్లు తీసుకోవడం, పెట్టె మీది పార్టు నంబరును సరిచూడడం, తీసివేసిన పాత భాగాన్ని అడిగి పరిశీలించడం వినియోగదారుని కనీస జాగ్రత్తలు.

ముగింపు

నకిలీ భాగాన్ని దూరంగా ఉంచవలసిందే. అయినా మేలైన భాగాన్ని బిగించినంత మాత్రాన దానిని చెడగొట్టిన పరిస్థితి తొలగిపోదు. జ్వరం వచ్చినవానికి చన్నీటి గుడ్డ వేస్తే ఒళ్లు చల్లబడవచ్చు. రోగం మాత్రం లోపలే ఉంటుంది. ఇంజను విషయంలోనూ అంతే. "కొత్తది ఏ కంపెనీది?" అని అడిగే ముందు "పాతది ఎందుకు పోయింది?" అని అడగాలి. ఆ ప్రశ్నకు సమాధానం దొరికిన తరువాత బిగించిన భాగమే పదికాలాలపాటు మన్నుతుంది.