డ్రిల్లు పీరియడులో చివరి వరుస

పాఠశాల కాలపట్టికలో డ్రిల్లు పీరియడుకు గల స్థానము విచిత్రమైనది. కాగితము మీద దానికిని లెక్కలతోపాటు, సాంఘికశాస్త్రముతోపాటు ఒక గడి కలదు. కాని పరీక్షలు సమీపించినప్పుడు మొట్టమొదట అరువుపోవునది ఆ గడియే. పరీక్షలు లేని మాసములలోనైనను గంట మ్రోగిన పిమ్మట మైదానములో జరుగునదేమి? చురుకైన పదిపదునైదుగురు బంతిని చేజిక్కించుకొందురు. మరికొందరు గట్టున నిలిచి కేకలు వేయుదురు. తక్కినవారు వేపచెట్టు నీడకు చేరుదురు. పీరియడు ముగియును. అందరును వ్యాయామము చేసినట్లే లెక్క.

ఆ వేపచెట్టు నీడకు చేరిన పిల్లలను గురించియే ఈ నాలుగు మాటలు. సామూహిక వ్యాయామ తరగతి బాగుగ సాగుచున్నదో లేదో తెలిసికొన గోరువారు సాధారణముగ ముందు వరుసను చూతురు. అచ్చట చేతులన్నియు ఒక్కసారి లేచును, కాళ్లన్నియు ఒక్కసారి కదలును. చూడముచ్చటగా నుండును. కాని ముందు వరుసలోని పిల్లవాడు గురువు లేకున్నను పరుగెత్తగలవాడే. గురువు అవసరము నిజముగ గలవాడు చివరి వరుసలో నున్నాడు. కనుక తరగతిని అచ్చటనుండి కొలువవలెను.

ఇది ముచ్చటకు చెప్పుకొను విషయము కాదు. 5 నుండి 17 ఏండ్ల వయస్సు గల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములు ఊపిరి వేగము హెచ్చునంతటి శారీరక శ్రమ చేయవలెననియు, ఎముకలను కండరములను బలపరచు పనులు వారమున కనీసము 3 దినములు ఉండవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించెను. 2016 నాటి లెక్కలను బట్టి ప్రపంచములో 11 నుండి 17 ఏండ్ల వారిలో నూటికి 81 మంది తగినంత శారీరక శ్రమ చేయుట లేదని ఆ సంస్థ పరిశీలకులే తేల్చిరి. చెట్టు నీడ వరుస మన ఊరి బడిలో మాత్రమే లేదన్నమాట.

వరుసలు తీర్చుట, ఆజ్ఞలిచ్చుట, లెక్క పెట్టుచు చేయించుట అను ఈ పద్ధతి మనకు ఎట్లు వచ్చినదో కొంత తెలిసికొనుట మంచిది. స్వీడను దేశీయుడైన పేర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోమ్ నగరమున వ్యాయామ శిక్షణాలయము నొకదానిని స్థాపించెను. శరీరనిర్మాణమును బట్టి ఏ అవయవమునకు ఏ కదలిక హితమో నిర్ణయించి, ఆజ్ఞానుసారముగ అందరిచేతను ఏకకాలమున చేయించు విధానము ఆయన సంప్రదాయములో పెంపొందెను. పరికరములు లేకున్నను ఒక్క ఉపాధ్యాయుడు పెద్ద తరగతి నంతటిని కదిలింపగలుగుట దానిలోని సౌలభ్యము. ఆ సౌలభ్యము వలననే అది సేనలకును, బడులకును కూడ ప్రాకినది. మన దక్షిణదేశమున వ్యాయామోపాధ్యాయుల శిక్షణకు హ్యారీ క్రో బక్ అను అమెరికను 1920లో మద్రాసు వై.ఎం.సి.ఏ. పక్షమున కళాశాలను నెలకొల్పెను.

మన కోడి రామమూర్తినాయుడు పేరు వినని తెలుగువాడుండడు. వీరఘట్టములో జన్మించి, రొమ్ము మీద ఏనుగును నిలుపుకొని, ఇనుప గొలుసులను త్రెంచి దేశవిదేశముల కీర్తి గాంచిన ఆ కలియుగ భీముడు, అంతకుముందు విజయనగరములో బడిపిల్లలకు వ్యాయామము నేర్పిన ఉపాధ్యాయుడు. లోకము ఏనుగును జ్ఞాపకముంచుకొనెను, బడిని మరచిపోయెను. అది లోక సహజము. రొమ్ము మీద ఏనుగు నెక్కించుకొనుట ఒక్కనికే సాధ్యము. బడిలో నేర్పవలసినది మాత్రము అరువది మందికిని సాధ్యము కావలెను. ఈ రెండు విద్యలకును గల భేదమును మన పాఠశాలలు తరచు మరచును. అందుచేతనే పతకము తెచ్చు నలుగురి మీద ఏడాది శ్రద్ధ అంతయు ఖర్చగుచున్నది.

సామూహిక వ్యాయామమునకు రెండు ముఖములు కలవని జపాను చరిత్ర చెప్పుచున్నది. ఆ దేశమున 1928 నవంబరు 1వ తేదీన రేడియోలో వ్యాయామ ప్రసారము ప్రారంభమయ్యెను. దేశమంతటను జనులు ఒక్క వాద్యమునకు, ఒక్క గొంతుకు అనుగుణముగ చేతులు చాచిరి. యుద్ధకాలమున అది ప్రజలను ఒక్క ఆజ్ఞకు అలవాటు చేయు సాధనముగ కూడ ఉపయోగపడెను. పరాజయము తరువాత కొంతకాలము నిలిచిపోయి, 1951లో క్రొత్త అభ్యాసములతో మరల మొదలయ్యెను. అందులోని మొదటి వ్యాయామము 13 కదలికలు గలది; సుమారు మూడు నిమిషములు పట్టును. వేసవి సెలవులలో పిల్లలు ఉదయమే వచ్చి చేసి, చీటీ మీద ముద్ర వేయించుకొని పోవు ఆచారము కూడ కలదు. 1999లో వృద్ధులు, అంగవైకల్యము గలవారు సైతము చేయుటకు వీలగునట్లు మరియొక వరుసను కూర్చిరి. కూర్చుండియే దానిని చేయవచ్చును. అందరును ఒక్కటే రీతిగ చేయవలెనను పట్టుదల నుండి, అందరును ఏదో యొక రీతిగ చేయవలెనను ఆలోచనకు ఆ ప్రసారము నడచి వచ్చినది.

ఇటువంటి పాఠమునే అమెరికాలో ఒక నాట్యోపాధ్యాయిని నేర్చుకొనెను. 1969లో చికాగో సమీపమున ఎవాన్‌స్టన్ అను ఊర జూడి షెపర్డ్ మిస్సెట్ అనునామె జాజ్ నాట్యము నేర్పుచుండెను. విద్యార్థినులు కొన్నాళ్లు వచ్చి మానుకొనుచుండిరి. వారికి రంగస్థల మెక్కు కోరిక లేదు. దేహము తేలిక పడవలెనని మాత్రమే వారి కోరిక. తాను మాత్రము కాబోవు నర్తకీమణులకు నేర్పినట్లు తప్పులు దిద్దుచున్నది. ఆమె అది గ్రహించి, విద్యార్థినులను అద్దము వైపునుండి త్రిప్పి తనవైపు నిలిపి, అడుగులను సులభము చేసి, ఆనందముగ ఆడించెను. వారు మరల మానలేదు. జాజర్‌సైజ్ అను పేర అనేక దేశములకు వ్యాపించిన సామూహిక వ్యాయామమునకు అదియే మూలము. అద్దములో తన లోపములను చూచుకొను పిల్లకు కాలు కదలదు. అట్టి అద్దములు మన బడులలో లేకపోవచ్చును. ప్రక్కవారి నవ్వులు ఆ పని చేయుచున్నవి.

ఇంత దూరము పోనేల? మన పల్లెలలో కోలాటము, చెక్కభజన నేర్పు గురువులు ఈ కిటుకును ఎన్నడో ఎరుగుదురు. నడక మొదట విలంబముగ సాగును. అడుగు కుదిరిన పిమ్మట కాలము పెరుగును. మారబోవు అడుగును గురువు ముందుగనే కేకతోనో, తాళముతోనో తెలుపును. క్రొత్తవానిని పాతవారిద్దరి నడుమ నిలుపుదురు. ఆట వలయాకారము కనుక అందు చివరి వరుస అనునదే లేదు.

ఇక మన నలువది నిమిషముల పీరియడును ఎట్లు కూర్చుకొనవలెనో చూతము. తరగతిలో అరువది మంది ఉన్నారనుకొందము. మొదటి ఐదు నిమిషములు హాజరుకు, స్థలము సర్దుకొనుటకు పోవును. తరువాతి ఏడు నిమిషములు దేహమును వేడి చేయుటకు వినియోగింపవలెను. నడక, మెల్లని పరుగు, భుజములు త్రిప్పుట, మోకాళ్లెత్తుట ఇందులోనివి. చల్లగ నున్న కండరము బిగిసియుండును. వేడెక్కిన కండరము సాగును. గుండెయు ఒక్కసారిగ గాక మెట్లు మెట్లుగ వేగము పుంజుకొనును.

తరువాతి పండ్రెండు నిమిషములు అసలైన శ్రమకు. మైదానమున ఆరు స్థానములను సుద్దముక్కతోనో సున్నముతోనో గుర్తించి, ఒక్కొక్కచోట పదిమందిని నిలుపవలెను. ఒకచోట తాడు దాటుట, ఒకచోట మెట్టెక్కి దిగుట, ఒకచోట బస్కీలు, ఒకచోట గోడకు చేతులానించి తోయుట, ఒకచోట నిలిచినచోటనుండి దుముకుట, ఒకచోట బంతిని విసరి పట్టుట. ఒక నిమిషము పని, ఒక నిమిషము విశ్రాంతియు స్థానము మార్పును. పండ్రెండు నిమిషములలో ప్రతివాడును ఆరు పనులును చేయును. తన వంతు కొరకు కాచుకొని నిలుచు వాడొక్కడును ఉండడు. దీనికి కావలసిన సామగ్రి తాళ్లు, గోడ, మెట్టు, బంతులు మాత్రమే. అటుపిమ్మట పది నిమిషములు అందరును పాల్గొను ఆట. ఓడినవానిని బయట కూర్చుండబెట్టు ఆటలు ఇందుకు పనికిరావు. ముందుగ ఓడువాడు ఎవడో, అనగా ఎక్కువసేపు ఊరకుండువాడు ఎవడో, మనకు తెలిసినదే గదా!

చివరి ఆరు నిమిషములను ఎన్నడును కోయరాదు. పరుగెత్తునప్పుడు కాలి కండరములు ముడుచుకొనుచు రక్తమును గుండె వైపునకు నెట్టుచుండును. పరుగు హఠాత్తుగ ఆగినచో రక్తము కాళ్లలో నిలిచి, మెదడుకు చేరునది తగ్గి తల తిరుగును. అందుచేత మెల్లగ నడిపించి, పిదప కండరములను నిదానముగ సాగదీయించి, ఊపిరి కుదుటపడిన తరువాతనే తరగతికి పంపవలెను.

శ్రమ ఎక్కువైనదో తక్కువైనదో తెలియుటకు యంత్రములు అక్కరలేదు. పిల్లవాడు మాటాడగలిగి, పద్యమును మాత్రము రాగము తీసి పాడలేకపోయినచో శ్రమ మధ్యమము. రెండు మూడు మాటలకే ఊపిరి తీసికొనవలసివచ్చినచో తీవ్రము. రాగము తీసి పద్యమంతయు పాడినచో ఇంకను కదిలింపవచ్చును. తెలుగు అయ్యవారు కూడ చేయదగిన పరీక్ష ఇది!

నిలుచు తీరు, చెప్పు తీరు కూడ నేర్చుకొనవలసినవే. సూర్యుడు ఉపాధ్యాయుని కన్నులలో పడవలెను గాని పిల్లల కన్నులలో పడరాదు. పిల్లలకు ఎదురుగ నిలిచి చూపునప్పుడు, వారిని కుడిచేయి ఎత్తుమని తాను ఎడమచేయి ఎత్తవలెను. అప్పుడే చివరివానికి తికమక కలుగదు. ఎనిమిది లెక్కలలో ఒక కదలిక సాగుచున్నప్పుడు ఐదు, ఆరుల యొద్దనే తరువాతి కదలిక పేరు పలుకవలెను. ఎనిమిది ముగిసిన పిదప చెప్పినచో ముందు వరుస అందుకొనును, వెనుక వరుస తడబడును. తడబడినవానికి తాను మందుడనను భ్రమ కలుగును. నిజమునకు ఆజ్ఞ ఆలస్యమైనది.

అన్నిటికంటె ముఖ్యమైనది, ప్రతి కదలికకును మూడు మెట్లు చూపుట. దుముకలేనివాడు మడమ లెత్తవచ్చును. అదియు కానివాడు కూర్చుండి చేతులతో చేయవచ్చును. ఈ మూడింటిని మొదటనే అందరికి చూపి, ఎవరికి తగినది వారు ఎన్నుకొనవచ్చునని చెప్పవలెను. అప్పుడు ఉబ్బసము గల బాలుడు గాని, నెలసరి దినములలోనున్న బాలిక గాని పదిమందిలో లేచి సెలవు అడుగనక్కరలేదు. చక్రముల కుర్చీలోని పిల్లవాడు చెట్టు నీడకు పోనక్కరలేదు. ఇక మన ఎండల మాట సరేసరి. వేసవి సమీపించగానే ఈ పీరియడును ఉదయపు వేళకు మార్చవలెను. శ్రమకు ముందును నడుమను నీరు త్రాగింపవలెను. తలనొప్పి, తల తిరుగుడు అన్న పిల్లను నటనయని అనుమానింపక నీడకు చేర్చవలెను.

మన బడులలో ఇంకను పాతుకొనియున్న ఒక దురాచారమును గూర్చి చెప్పక తప్పదు. ఆలస్యముగ వచ్చినవానికి మైదానము చుట్టు పరుగు, పాఠము రానివానికి గుంజీళ్లు! శారీరక దండనను, మానసిక వేధింపును 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగమున నిషేధించినది. చట్టము మాట అట్లుంచినను, వ్యాయామమునకు ఇంతకన్న ద్రోహము లేదు. లెక్క తప్పినవానికి శిక్షగ పద్యము వల్లింపజేసినచో వాడు పద్యమును ప్రేమించునా? పరుగనగా శిక్షయని పదియవ ఏట నేర్చినవాడు నలువదియవ ఏట వైద్యుడు నడువుమన్నను నడువడు.

అదే చట్టమును బట్టి 6 నుండి 8 తరగతులలో 100 మందికి మించిన పిల్లలున్న బడికి ఆరోగ్య వ్యాయామ విద్యకై పార్ట్‌టైము శిక్షకుడు ఉండవలెను. చిన్న బడులకు ఆ నియమము వర్తింపదు. అట్టిచోట్ల ఈ భారము తరగతి ఉపాధ్యాయుని మీదనే పడును. తాను మల్లుడను కానని, క్రీడాకారిణిని కానని ఆ ఉపాధ్యాయులు జంకనక్కరలేదు. పైన చెప్పినదానిలో కండబలముతో చేయవలసినది ఏదియు లేదు. ముందుగ ఆలోచించి కూర్చుకొనవలసినదే అంతయు.

వారమున రెండు మూడు పీరియడులు దినమునకు 60 నిమిషములకు సరిపోవని లెక్క వచ్చిన ఏ విద్యార్థియైనను చెప్పును. కనుక డ్రిల్లు పీరియడు పని పిల్లలను అలయించుట మాత్రమే కాదు. బడి వెలుపల, బడి ముగిసిన తరువాతి ఏండ్లలో తమంతట తాము కదలుటకు కావలసిన తెలివిని, ఇష్టమును కలిగించుట. అందుకు ఒక ఉపాయము కలదు. మొదటి ఏడు నిమిషముల అభ్యాసమును ప్రతి దినము ఒక విద్యార్థి నడుపవలెను. వంతులు ముందు వరుసనుండి గాక వెనుకనుండి మొదలు కావలెను. అందరును వరుస తీరిన పిమ్మట ఉపాధ్యాయుడు "వెనుకకు తిరుగు" అని ఆజ్ఞ ఇచ్చి, తాను మైదానము ఆ కొసకు నడచిపోయిన చాలును. చివరి వరుస మొదటి వరుస యగును.