తొలినాటి ఫుట్‌బాల్ బొమ్మచీట్లు - వానియందలి క్రీడాకారులు

శాసనములు, నాణెములు, తాళపత్రములు మాత్రమే చరిత్రకు ఆధారములని తలచుట పరిపాటి. రాజుల చరిత్రకు అవి చాలును. సామాన్యజనుల చరిత్రకు వారు చేతబట్టిన అల్పవస్తువులను గూడ పరిశీలింపవలెను. మన బాలురు అగ్గిపెట్టెలమీది బొమ్మలను ఏరి దాచుకొన్నట్లే, ఇంగ్లండు బాలురు ఒకప్పుడు ఫుట్‌బాల్ క్రీడాకారుల బొమ్మచీట్లను దాచుకొనుచుండిరి. ఆ చీట్ల పుట్టుక, వాని ప్రయోజనము, వానియందు కనవచ్చు క్రీడాకారుల జీవితములు ఈ వ్యాసమునకు విషయములు.

1850 నాటి కర్మాగార చట్టము ఆ దేశపు బట్టల మిల్లులలో పనిచేయు స్త్రీలకును బాలురకును శనివారము మధ్యాహ్నము విరామము కల్పించెను. క్రమముగా ఆ విరామము పురుషులకును అలవడెను. 1863లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడి ఆటకు నియమములు కుదిర్చెను. 1885లో కూలి పుచ్చుకొని ఆడుట సమ్మతమయ్యెను. 1888లో 12 జట్లతో లీగు ఆరంభమయ్యెను. 1870 నాటి విద్యాచట్టము వలన పేదల బిడ్డలును అక్షరములు నేర్చిరి. తీరిక, చదువు, అభిమానించుటకు ఒక జట్టు - ఈ మూడును కూడిన చోటనే బొమ్మచీటీ జన్మించినది.

బ్రాడ్‌ఫర్డ్ నగరవాసియగు జాన్ బెయిన్స్ 1880 దశకమున ఈ చీట్లను అచ్చొత్తించి బాలురకు విక్రయించెను. డాలు మొదలగు ఆకృతులలో కత్తిరించిన ఆ రంగుకాగితములపై జట్టు పేరును, ఆటగాని చిత్రమును ఉండెడివి. వార్తాపత్రికలలో ఛాయాచిత్రములు అరుదైన ఆ కాలమున, తన వీరుని రూపమును ఇంటికి గొనిపోవుటకు పేద బాలునకు ఇంతకంటె సులభమైన మార్గము లేదు.

పిమ్మట పొగాకు వర్తకులు ఈ రంగమున ప్రవేశించిరి. పలుచని కాగితపు పొట్లములో సిగరెట్లు నలిగిపోకుండ ఒక గట్టి అట్టముక్కను ఉంచు ఆచారము అదివరకే కలదు. దానిమీద బొమ్మ అచ్చువేసినచో కొనువారు వరుస పూర్తియగువరకు అదే సరకును కొందురని వారు గ్రహించిరి. మాంచెస్టరుకు చెందిన మార్కస్ కంపెనీ 1896లో వెలువరించిన వరుస ఫుట్‌బాల్ సిగరెట్టు చీట్లలో మొదటిదిగా పరిగణింపబడుచున్నది. 1901లో అమెరికా పొగాకు సంస్థ ఆగ్డెన్ కంపెనీని కొనగా, విల్స్ మొదలగు ఆంగ్ల సంస్థలు ఇంపీరియల్ టొబాకో పేర ఏకమై ఎదిరించెను. 1902లో సంధి కుదిరి బ్రిటిష్ అమెరికన్ టొబాకో పుట్టినది. గుంటూరు మండలమున 1912 నుండి ఆకు వ్యాపారము పెంపొందించిన సంస్థయు ఈ వంశమునకు చెందినదే.

ఈ చీట్లలో కనవచ్చువారిలో ముగ్గురు ఒకే సంవత్సరమున, అనగా 1874లో, జన్మించుట విశేషము. డెర్బీ జట్టు వీరుడు స్టీవ్ బ్లూమర్ ఇంగ్లండు పక్షమున 23 పోటీలలో 28 గోల్‌లు చేసెను. 1914లో శిక్షకుడుగా బెర్లిను చేరి, యుద్ధము రాగా రూలెబెన్ శిబిరమున నిర్బంధింపబడెను. షెఫీల్డు యునైటెడ్ గోల్‌రక్షకుడు విలియం ఫౌక్ మహాకాయుడు. 1,10,000 మందికి పైగా జనులు చూచిన 1901 కప్పు తుదిపోటీలో ఆయన ఆడెను. మూడవవాడు వేల్సు దేశీయుడగు బిల్లీ మెరెడిత్. బాల్యముననే బొగ్గుగనిలో దిగినవాడు. ఆడునపుడు పంటిపుల్ల నములుట ఆయన అలవాటు.

ఈ చీట్లకు తేదీ ఉండుట అరుదు. అయినను ఆటగాడు తొడిగిన చొక్కాయే కాలమును తెల్పును. బ్లూమర్ 1906 నుండి 1910 వరకు మాత్రమే మిడిల్స్‌బరోలో ఆడెను గనుక, ఆ జట్టు పేరుతో అతని ఆటగాని చిత్రము నూతనముగా అచ్చైన చీటీ ఆ నడిమికాలపుదని నిర్ణయింపవచ్చును. లిపిని బట్టి శాసనకాలమును ఊహించు పద్ధతి వంటిదే ఇదియు.

ఇక చీటీ చెప్పని సంగతి యొకటి కలదు. 1901లో అమలునకు వచ్చిన నిబంధన ప్రకారము ఎంతటి ఆటగానికైనను వారమునకు 4 పౌనులకు మించి వేతనము ఈయరాదు. ముఖము లక్షల పొట్లములలో ఊరేగినను వేతనము పెరుగదు. యజమాని అనుమతి లేనిదే జట్టు మారుటయు వీలుకాదు. ఈ అన్యాయమును ఎదిరించి 1907లో క్రీడాకారుల సంఘమును నెలకొల్పినవారిలో మెరెడిత్ ముఖ్యుడు. వేతన పరిమితి కొన్ని మార్పులతో కొనసాగి 1961లో గాని తొలగలేదు.

బాలురకును ఈ బొమ్మలు నిరపాయములు కావు. సిగరెట్టుపై మోజు కలిగించుట వర్తకునకు లాభమే. 16 సంవత్సరములు నిండని వారికి సిగరెట్లు అమ్మరాదని 1908లో చట్టము వచ్చెను. మొదటి యుద్ధకాలమున కాగితపు కరవు వలన చీట్లు 1917లో నిలిచిపోయి, 1922 ప్రాంతమున తిరిగి విస్తారముగా వెలువడి, 1940లో మరల ఆగిపోయినవి. గాడ్‌ఫ్రే ఫిలిప్స్ సంస్థ పిన్నెస్ సిగరెట్లతో ఇచ్చిన చిన్న ఛాయాచిత్రములు 2,400కు పైగా ఉండుట చూడగా, గొప్పవారేగాక మరుగుపడిన సాధారణ క్రీడాకారులెందరి రూపములు వీనివలన నిలిచినవో తెలియును. ఎడ్వర్డ్ వార్టన్-టైగర్ జీవితమంతయు కూర్చిన చీట్ల మహాసంచయము బ్రిటిష్ మ్యూజియమునకు చేరినది.

మెరెడిత్ 1958లో మాంచెస్టరులో మరణించెను. ఆయన సమాధిపై పేరు చెక్కిన రాయి 2001 వరకు లేదు. సిగరెట్టు పొట్లములోని అట్టముక్కపై మాత్రము ఆ పేరు చెక్కుచెదరక నిలిచియుండెను. ఆదరణలేని వస్తువులను భద్రపరచుట ఏల యను ప్రశ్నకు ఇంతకంటె వేరు సమాధానము అక్కరలేదు.